పొద్దున తినే తిండికి లెక్కలెందుకే తల్లీ

బంగారం,

ఎదురుగా కూర్చోబెట్టి చెబితే రెండో మాటకే "అబ్బా అమ్మా, మళ్లీ మొదలుపెట్టావా" అంటావు, అందుకే రాస్తున్నా. కోపమొస్తే పక్కన పడేసి రాత్రికి చదువుకో.

ఈమధ్య బ్రెడ్ ప్యాకెట్ తిప్పి, వెనకాల చిన్న అక్షరాల్లో ఉన్న కేలరీలు చూసి, తీసిన రెండు ముక్కల్లో ఒకటి మళ్లీ లోపల పెట్టేస్తున్నావు. చూస్తూనే ఉన్నాను. ఆ అలవాటు ఎక్కడి నుంచో ఊడిపడలేదులే, మనింట్లో వినపడే మాటలే అవి. నాన్న తిన్న ప్రతిదీ ఫోన్లో యాప్‌లోకి ఎక్కిస్తుంటారు, అత్తయితే చెప్పులు విప్పకముందే "ఏంటే, ఒళ్లు చేశావు" అని పలకరిస్తుంది. నాన్నకి షుగర్ ఉంది, డాక్టరు చెప్పారు కాబట్టి ఆ లెక్క ఆయనకి అవసరం. కానీ నలభై దాటిన మనిషి లెక్క, ఇంకా ఎముకలు గట్టిపడుతున్న నీకెలా సరిపోతుంది?

అసలు కేలరీ అంటే ఏముందని? కిలో నీళ్లని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి పట్టే శక్తి. గ్రాము పిండిపదార్థానికి 4, ప్రొటీన్‌కి 4, కొవ్వుకి 9 చొప్పున లెక్కేసి ప్యాకెట్ మీద అచ్చేస్తారు. శక్తి ఎంతో చెప్పడంతో దాని పని అయిపోయింది. గ్లాసు కూల్‌డ్రింక్‌కీ గ్లాసు వెన్న తీసిన పాలకీ కేలరీలు కాస్త అటూ ఇటూగా ఒకటే, కానీ ఆ పాలల్లో దాదాపు 300 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, కూల్‌డ్రింక్‌లో చక్కెర తప్ప ఏమీ లేదు. నీ వయసులో రోజుకి వెయ్యి మిల్లీగ్రాముల పైనే కాల్షియం కావాలి. ఇప్పుడు చేరాల్సింది ఇప్పుడే చేరాలి, ముప్ఫై ఏళ్లొచ్చాక తీరిగ్గా తాగుతానంటే కుదరదు. ఐరన్ సంగతీ అంతే, పీరియడ్స్ మొదలయ్యాక ఇంకాస్త ఎక్కువే కావాలి. అందుకే తిండితో పాటు టీ వద్దంటున్నా, అది ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. ఒక కమలాపండు తింటే బాగా పడుతుంది.

పొద్దున్నే ఆకలేయదంటావు, నమ్ముతాను. ఈ వయసులో ఒంట్లో గడియారమే వెనక్కి జరుగుతుందట, నిద్ర ఆలస్యంగా వస్తుంది, మెలకువా ఆలస్యమే, ఇక ఆకలి మాత్రం ఆరింటికే ఎందుకేస్తుంది? అందుకని లేవగానే నోట్లో కుక్కను. గ్లాసు పాలో, ఒక అరటిపండో తిని వెళ్లు, ఉడికించిన గుడ్డూ గుప్పెడు పల్లీలూ డబ్బాలో పెడతా, మొదటి బ్రేక్‌లో తిను. గుడ్డులో 6 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, మధ్యాహ్నం దాకా ఆకలిని కాస్త ఆపుతుంది. ఉత్త బిస్కెట్లతో వెళ్తే రెండో పీరియడ్‌కే కళ్లు మూతలు పడతాయి, నీకే తెలుసు ఆ సంగతి.

ఇంట్లో ఒక మాట అనుకున్నాం. తినే దగ్గర బరువు ఊసు, కేలరీల ఊసు ఉండవు, నీవే కాదు, ఎవరివీ. నాన్న యాప్ చేయి కడుక్కున్నాక చూసుకుంటారు. అత్తకి ఫోన్ చేసి చెప్పాను, "నేనేమన్నాననీ" అంది, కాసేపు అలిగింది, ఫర్వాలేదు, సర్దుకుంటుంది. మళ్లీ ఎవరైనా అంటే జవాబు నువ్వు చెప్పక్కర్లేదు, నాకొదిలెయ్.

ఒక్కటి మాత్రం దాచకు. కళ్లు తిరిగినా, పీరియడ్స్ సమయానికి రాకపోయినా, తిన్నాక తప్పు చేసినట్టు గిల్టీగా అనిపించినా, రోజంతా తిండి లెక్కలే బుర్రలో తిరుగుతున్నా నాకు చెప్పు. తిట్టను, ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్దాం.

గుడ్డు వాసనొస్తుందని ఫ్రెండ్స్ నవ్వుతారంటే చెప్పు, పెరుగూ పళ్ల ముక్కలూ పెడతాను. రేపటికి ఏది కావాలో రాత్రి పడుకునే ముందే చెప్పాలి, పొద్దున బస్సు టైమ్‌కి కాదు.

అమ్మ