ఎడమ కిటికీ బిగించే ముందు

అన్నలూ, తమ్ముళ్లూ, ఆదివారం పొద్దున షెడ్డు రేకులు కాలకముందే మన విమానం ఎడమ కిటికీ పని మొదలుపెడదాం.

కిటికీకి బిగించే అక్రిలిక్ షీటు (గాజులాంటి ప్లాస్టిక్) వేడికి అల్యూమినియం ఫ్రేము కన్నా దాదాపు 3 రెట్లు సాగుతుంది. మన వరంగల్ మే ఎండ సంగతి తెలిసిందే కదా. అందుకే రంధ్రం స్క్రూ కన్నా కాస్త పెద్దగా ఉండాలి, బిగింపు మెల్లగా ఉండాలి. కుడివైపు మొదటి షీటుకు నేను స్క్రూ ఒక చుట్టు ఎక్కువ తిప్పాను. రంధ్రం అంచున వెంట్రుకంత పగులు గీత కనబడింది. అప్పుడే తీసి పక్కన పెట్టేశాం, దాన్ని మళ్లీ ఎవరూ వాడొద్దు.

షీటు అంచు మీద వేలు పెట్టి చూడండి, గరుకు తగిలితే ఇంకా రుద్దాలి. థిన్నర్, పెట్రోలుతో తుడవొద్దు, సబ్బునీళ్లు చాలు. సీలెంట్ (సందులు పూడ్చే జిగురు) తెచ్చేవాళ్లు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ తేవద్దు, అది అల్యూమినియాన్ని తినేస్తుంది.