చెయ్యి పట్టుకోకుండా వైద్యం

ఒరే మిత్రమా,

మీ డాక్టరుగారు ఇకమీదట వీడియోలోనే చూస్తానన్నారని, ఆయన నిన్ను వదిలించుకుంటున్నారేమోనని అనుమానంగా ఉందని రాశావు. ఒళ్లు బిగదీసి కదలికలు మందగింపజేసే ఈ పార్కిన్సన్స్ జబ్బులో నీకంటే సీనియర్‌ని కాబట్టి నా మాట కూడా విను.

ఆసుపత్రికి వెళ్లేరోజు మనం చేసే నిర్వాకం నీకు తెలియనిదా? కదలికలు తేలికచేసే లెవోడోపా మాత్ర వేళ చూసి వేసుకుని, ఒళ్లు తేలిగ్గా ఉన్న గంటలో ఆయన ముందు వాలిపోతాం. విశాలమైన వరండాలో చకచకా నడిచి చూపిస్తాం. "బాగానే ఉన్నారే!" అంటారాయన. ఇంటికొచ్చాక వంటగది గుమ్మం దగ్గర పాదాలు నేలకు అతుక్కుపోతాయి. ఈ జబ్బుకు ఆ టక్కరితనం ఉంది. ఇరుకు దారుల్లో, పక్కకు తిరిగేటప్పుడు కాళ్లు బిగదీస్తుంది గానీ డాక్టరు ఎదుట చాలాసార్లు నోరెత్తదు.

మొన్న నాకు మాత్ర పనితనం తగ్గే వేళకే మా డాక్టరుగారితో వీడియో పడింది. మా ఆవిడ ఫోను పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తోంది, నేను ఎదురుగా వస్తున్నాను. గడప దగ్గర ఆగిపోయాను. మడమలు లేస్తున్నాయి, ముందరి పాదం కదలదు. "ఫోను కాస్త కిందికి దించండమ్మా, పాదాలు చూడనివ్వండి" అన్నారాయన. ఆ తర్వాత ఏ మాత్ర ఎన్నింటికి వేసుకున్నానో అడిగి, మాత్రల వేళలు దగ్గరచేశారు. ఇన్నాళ్లూ నేను నోటితో వర్ణించి వర్ణించి అలసిపోయిన సంగతిని ఆయన కళ్లారా చూశారు.

అలాగని అంతా వీడియోతో సరిపోదు. వేళ్లు తాటించడం, పిడికిలి మూసి తెరవడం, చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవడం కనిపిస్తాయి. కానీ మోచేతిని పట్టుకుని ఆడిస్తే ఆగి ఆగి కదిలే ఆ బిగువు, పట్టుకున్న చేతికే తెలుస్తుంది. వెనక నిలబడి భుజాలు లాగి, తూలుతామో లేదో చూసే పరీక్ష కూడా అంతే. దాన్ని మాత్రం ఇంట్లోవాళ్లతో చేయించుకోకు నాయనా, ఇద్దరూ కలిసి పడతారు! మందు మార్చాలన్నా, మెదడులో తీగలు అమర్చే ఆపరేషన్ మాట వచ్చినా నేరుగా చూడమని అడుగు.

ఇంకొకటి, మన ముఖం. కండరాలు బిగిసి కవళికలు తగ్గిపోయాయి కదా, తెరమీద మరీ కోపంగా కనబడతాం. ఆయన దిగులనుకుంటే దిగులు కాదని నోరు తెరిచి చెప్పాలి. నిజంగా దిగులుంటే అదీ చెప్పాలి.

నాకు అన్నిటికంటే ఇబ్బందిగా తోచింది చాటు లేకపోవడం. ఈ జబ్బుకే ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రలు కొందరికి జూదం పిచ్చినో, అదుపులేని కొనుగోళ్లనో అంటగడతాయి. కొందరికి లేని మనుషులు కనబడతారు. ఫోను పట్టుకున్నది భార్యే అయినప్పుడు ఇవన్నీ ఎలా విప్పుతావు? ఆసుపత్రిలో అయితే "మీరు కాసేపు బయట కూర్చోండమ్మా" అని ఆయనే అంటారు. ఇంట్లో ఆ మాట అనేదెవరు? అందుకని నేను ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి, మొదటి కొద్ది నిమిషాలు తలుపు వేసుకుని మాట్లాడుతున్నాను. ఆవిడ అలిగింది. తర్వాత తనకూ విడిగా మాట్లాడాలని ఉందని చెప్పింది. నా గురించే అయి ఉంటుంది!

నువ్వు ఒప్పుకో, కానీ మధ్యమధ్య నేరుగా చూస్తానని ముందే మాట తీసుకో. వీడియోలో ఆయన కొలవలేరు కాబట్టి, పడుకుని ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూసి కాగితం మీద రాసి పెట్టుకో.

ఈ జబ్బు వల్ల నా అక్షరాలు అప్పుడే చిన్నవైపోతున్నాయి. చదవలేకపోతే ఫోను చెయ్యి. నా గొంతు వినబడకపోతే మా ఆవిడ గట్టిగా చదివి వినిపిస్తుంది, ఆ తలుపు సంగతి తప్ప.

నీ
పాత నేస్తం