మీ జేజి గీసిన గీత

కర్నూలు,
ఆదివారం రాత్రి

ఒరే మామా,

నీ ఉత్తరం మొన్న అందింది. రెండుసార్లు చదివి, ఒకసారి మా అమ్మకు కూడా చదివి వినిపించినా. మీ వీధి చివర సముద్రం వైపు గట్టు కట్టే ముందు మీటింగ్ పెట్టినారని, వలలు ఆరేసుకునే చోటు పోకుండా చూడమని మత్స్యకారులు గట్టిగా అడిగినారని రాసినావు చూడు, అది నాకు భలే నచ్చింది. భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో కలిసిపోయినా, మా ఊరి పని మమ్మల్ని అడిగి చేయండి అనే అలవాటు అక్కడి జనానికి ఉన్నట్టుంది.

ఇక్కడ కబుర్లు చాలా ఉన్నాయి. సంకల్‌బాగ్ ఘాట్‌కు పొద్దున్నే వాకింగ్‌కు పోతున్నా. 2020 తుంగభద్ర పుష్కరాలప్పుడు మనం కలిసి పోదామనుకుని కరోనా వల్ల ఆగిపోయినాం, గుర్తుందా? మా చిన్నోడు ఈత నేర్చుకుంటానని ఒకటే గోల. సీ క్యాంపు రైతుబజారులో ఆ జొన్నరొట్టెల అక్క నిన్ను అడిగింది.

అసలు సంగతికి వస్తా. మన వీధికి మళ్ళీ రోడ్డు శాంక్షన్ అయింది. రోడ్డుతో పాటు సైడు కాలువ కూడా. వినగానే సంతోషపడ్డా, ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది. ఎందుకో నీకు చెప్పాలా? మన చిన్నప్పుడు మీ ఇంట్లోకి పోవాలంటే రెండు మెట్లు ఎక్కేవాళ్ళం. ఇప్పుడు ఒక మెట్టు దిగాలి. రోడ్డేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వి తీయకుండా దాని మీదే కొత్తది పోసినారు. పొర మీద పొర పడి రోడ్డు ఎత్తు పెరిగింది, ఇళ్ళేమో గుంతలో మిగిలిపోయినాయి. గట్టిగా గంట వాన పడితే చాలు, నీళ్ళు గడప దాటి లోపలికి వస్తాయి. పోయిన వానాకాలం మా అమ్మ బియ్యం డబ్బా మంచం మీద పెట్టుకుని రాత్రంతా కూర్చుంది. అది చూసినప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు.

ఈసారి మాత్రం పని మొదలు కాకముందే మమ్మల్ని వార్డు సచివాలయానికి పిలిచినారు. నలభై మంది దాకా వచ్చినాం, అందులో ఆడవాళ్ళే ఎక్కువ. ప్లాను కాగితం గోడకు అంటించినారు, అంతా ఇంగ్లీషే. ఇంటర్ చదివే పిల్ల ఒకతె లేచి ఒక్కో ముక్కా తెలుగులో చదివి చెప్పింది. అప్పటిదాకా గమ్మున కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారిగా నోరు విప్పినారు. కాగితం అర్థమైతేనే కదా మాట వచ్చేది!

మన ఇస్త్రీ తాత లేచి ఒకే మాట అడిగినాడు: "సార్, కాలువ నీళ్ళు హంద్రీ ఏట్లో పడతాయి, బాగానే ఉంది. హంద్రీ నిండితే యాడికి పోతాయి?" ఏఈ సారు, అదే పని చూసే ఇంజనీరు, కాసేపు ఏమీ అనలేదు. తాత అడిగింది 2009 వరద సంగతి మామా. అక్టోబరు 2, గాంధీ జయంతి. మనకు నీళ్ళు నది వైపు నుంచే వస్తాయని అందరూ అనుకుంటారు. తుంగభద్ర పోటెత్తినప్పుడు హంద్రీ నీళ్ళు అందులో కలవలేక వెనక్కి ఎగదన్నినాయి కదా. అందుకే మన వీధిలో ముందు నీళ్ళు చిమ్మింది నది వైపు నుంచి కాదు, కాలువలోంచే. ఎత్తు నుంచి పల్లానికి పోవాల్సిన కాలువ, ఆ రాత్రి ఏటి నీళ్ళను మోసుకొచ్చి మన ఇళ్ళల్లో పోసింది. కాలువ మొగ దగ్గర షట్టరు పెట్టి, ఏరు పెరిగినప్పుడు దించేస్తే నీళ్ళు వెనక్కి ఎక్కవు కదా అని తాత వాదన. ఏఈ సారు అది రాసుకున్నాడు. షట్టరు దించినప్పుడు వీధిలో పడే వాన నీళ్ళకు మోటారు కూడా పెట్టాల్సి వస్తుందని ఆయనే చెప్పినాడు. వయసులో చిన్నోడే అయినా ఓపికగా విన్నాడు, అది ఒప్పుకోవాలి.

నేను రెండు అడిగినా. పాత రోడ్డు తవ్వి తీసిన తర్వాతే కొత్తది పోయాలి, రోడ్డు మట్టం గడపల కంటే కిందే ఉండాలి. రెండోది, కాలువ వాటం ఇక్కడి నుంచి ఏటి దాకా ఎత్తుపల్లాలు కొలిచే లెవల్ మిషన్ పెట్టి మా ముందే చూడాలి. మన తప్పు కూడా దాచలేదులే. బండ్లు ఎక్కించుకోడానికి ఎవరికి వాళ్ళం కాలువ మీద బండలు పరుచుకున్నాం, పూడిక తీసేవాళ్ళకు చెయ్యి పెట్టే సందు కూడా లేదు. ముందు మా ఇంటి ముందర బండ తీస్తానని అక్కడే చెప్పి, మరుసటి రోజే తీసేసినా. ఇప్పటికి ఆరు ఇళ్ళ వాళ్ళు తీసినారు.

మనం గ్రూప్స్‌కు చదివేటప్పుడు రాజ్యాంగంలో 243ఎస్ బట్టీ పట్టింది గుర్తుందా? మూడు లక్షలు, అంతకంటే ఎక్కువ జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలని. మార్కుల కోసం చదివిన ఆ ముక్కకు ఇన్నేళ్ళకు నిజంగా విలువ కనిపించింది. ఇంకో సంగతి కూడా తట్టింది. ఈ సచివాలయాలు మొదలైంది 2019 అక్టోబరు 2న. మన ఇళ్ళు మునిగి సరిగ్గా పదేళ్ళు. నీళ్ళు యాడ నుంచి వచ్చినాయో ఆ పదేళ్ళలో ఎవరైనా మన ఆడవాళ్ళను అడిగి ఉంటే, ఇన్ని రోడ్లు ఇంత ఎత్తున పడేవి కావు.

ఇప్పుడు నీతో పని. బుధవారం పొద్దున ఏఈ సారు లెవల్ మిషన్ తీసుకుని వీధికి వస్తానన్నాడు. 2009లో నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చినాయో గుర్తు ఉందా అని అడిగినాడు. ఒక్కొక్కరు ఒక్కో ఎత్తు చెప్పినారు, నడుము దాకా అని ఒకరు, మెడ దాకా అని ఇంకొకరు. నాకు వెంటనే మీ జేజి మతికి వచ్చింది. నీళ్ళు తీసిన రోజే గోడ మీద తడి ఆగినచోట మేకుతో గీత గీసింది కదా? తర్వాత రెండుసార్లు సున్నం కొట్టించినా ఆ జానెడు చోటు మాత్రం ముట్టుకోవద్దని కూలోళ్ళతో కొట్లాడింది. వీధి మొత్తంలో చూపించడానికి మిగిలిన గుర్తు అదొక్కటే.

మీ ఇంటికి తాళం వేసి ఉంది. తాళంచెవి మీ చిన్నాయన దగ్గరుందా, కల్లూరులో మీ అక్క దగ్గరుందా? మంగళవారంలోగా ఫోన్ చేసి చెప్పు. నేనే పోయి తెచ్చుకుంటా.

నీ మామ