సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కార్ల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం. మీ ఆటో పేజీలో ఎప్పుడూ కొత్త కార్లే వేస్తారు, మాలాంటి ఐదారు లక్షల బడ్జెట్ వాళ్ళకి ఫాస్ట్ కారు కావాలంటే పాత ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ లేదంటే ఫియట్ వాళ్ళ అబార్త్ పుంటో, అంతకుమించి పెద్దగా ఆప్షన్లు లేవు. పోలో 1.2 లీటర్ టర్బో 105 పీఎస్ (అంటే హార్స్‌పవర్ లాంటి లెక్క), నడుపుతుంటే భలే మజా, కానీ దాని ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) డ్రై క్లచ్ టైపు, అంటే క్లచ్‌ని చల్లబరిచే ఆయిల్ ఉండదు, మన కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో పాకుతూ పోతే దానికి నరకమే, రిపేరుకొస్తే జేబుకి చిల్లే. పుంటో 145 పీఎస్, ఇంకా స్పీడు, కాకపోతే ఫియట్ ఇక్కడ అమ్మకాలు ఆపేసింది కాబట్టి పార్టుల కోసం తిరగాలి.

మొన్న ఒకాయన ఇంటికెళ్ళి పోలో చూశా. "వారం నుంచి బయటికి తీయలేదండీ" అన్నాడు, బానెట్ మీద చెయ్యి పెడితే కాలిపోతోంది! కోల్డ్ స్టార్ట్‌లో, అంటే చల్లబడ్డ ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వచ్చే శబ్దం నాకు వినపడకూడదని ముందే వేడి చేసి పెట్టాడన్నమాట. ఓడోమీటర్ ముప్పై వేలే, స్టీరింగ్ తోలు మాత్రం అరిగి నున్నగా మెరుస్తోంది, ఆ మీటరుని నమ్మేదెలా? టైరు మీద 1215 అని ఉంది, అంటే 2015లో పన్నెండో వారం తయారైన పాత టైరు. టీ తాగి వచ్చేశా.

ఢిల్లీ కార్లు చవగ్గా వస్తాయి నిజమే, అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలున్నాయిగా, కానీ అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్స్ కట్టేసరికి ఆ చవక కాస్తా ఆవిరైపోతుంది. ఈ లెక్కలన్నీ ఎవరైనా మెకానిక్‌తో మాట్లాడి ఒక ఆదివారం వేయండి సార్.

- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి