బిడ్డను తీసుకునే ముందు ఆ తల్లికి ఏం సాయం చేశారో రాయండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నెల్లూరు జిల్లా కావలి నుంచి ఒక దత్తపుత్రిక నమస్కరించి రాయునది.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మేం పెంచలేం అంటూ కన్నవాళ్లు బిడ్డను తీసుకొచ్చినప్పుడు బాలల సంక్షేమ కమిటీ వాళ్లతో కొన్ని కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటుంది. ఆ కాగితాలకు ఇంకొక్క పేజీ జతచేయడం తప్పనిసరి చేయండి. ఈ కుటుంబానికి వచ్చిన కష్టం ఏమిటి, బిడ్డ వాళ్ల దగ్గరే ఉండటానికి ప్రభుత్వం ఏ సాయం ఇస్తానంది, ఆ ఇంటికి ఎవరు, ఏ తేదీన వెళ్లారు, తల్లి ఏమంది. ఈ పేజీ నిండితే తప్ప ఏ బిడ్డనూ దత్తతకు సిద్ధమని ప్రకటించకూడదు.

నేను దత్తతకు వ్యతిరేకిని కాదు. నన్ను పెంచిన అమ్మానాన్నలే నా అమ్మానాన్నలు. ఈ లేఖ పంపేముందు ఇద్దరికీ చదివి వినిపించాను, నాన్న రెండు చోట్ల దిద్దారు కూడా. అయితే దత్తత గురించి ఎక్కడ మాట్లాడినా మా లాంటివాళ్ల గొంతు వినపడదు. అధికారులు బిడ్డను కొత్త తల్లిదండ్రుల చేతికి అందిస్తున్న ఫొటో పేపర్లో వస్తుంది. కన్నవాళ్లు ఆ ఫొటోలో ఉండరు. ఆ బిడ్డ పెద్దయ్యాక ఏమనుకుంటోందని ఎవరూ అడగరు. అడిగినా, "నీ అదృష్టం బాగుంది, లేకపోతే ఏమైపోయేదానివో" అని జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు. చిన్నప్పటి నుంచీ ఆ మాట విని విని, అమ్మానాన్నల మీద నాకున్నది ప్రేమా, తీర్చాల్సిన రుణమా అని తేల్చుకోలేక ఏడ్చిన రోజులున్నాయి. నా మొదటి కాన్పప్పుడు డాక్టరమ్మ "మీ అమ్మకి షుగర్ ఉందా, బీపీ ఉందా?" అని అడిగితే, పక్కనే కూర్చున్న మా అమ్మ తల దించుకుంది. ఆ క్షణంలో తలదించుకోవాల్సిన అవసరం మా ఇద్దరిలో ఎవరికీ లేదు. అయినా ఆ బరువు మోసింది మేమిద్దరమే.

పెళ్లయ్యాక నా ఫైలు కోసం తిరిగాను. ఏ ఆఫీసు చుట్టూ ఎన్నాళ్లు తిరిగానన్నది ఇక్కడ అనవసరం. చివరికి చేతికొచ్చింది ఒక్క జిరాక్సు పేజీ. పైన బిడ్డ బరువు, పుట్టిన తేదీ, 1993 వేసవి. మధ్యలో కారణం అని అచ్చువేసిన చోట చేతిరాతతో ఒకే వరుస: "పేదరికం, భర్త తాగుడు, మూడో ఆడపిల్ల". కింద ఎడమ వైపు వేలిముద్ర. ఇంకు ఎక్కువై గీతలన్నీ కలిసిపోయి నల్లటి మరకలా ఉంది. సాక్షి సంతకం బిడ్డను తీసుకున్న సంస్థలోనే పనిచేసే ఆవిడది. ఆ తల్లిని ఎవరైనా ఏమైనా అడిగారా, ఏదైనా ఇస్తామన్నారా అన్నది రాయడానికి ఆ కాగితంలో చోటే లేదు.

ఆ పేజీలో ఉన్న ఊరి పేరు పట్టుకుని వెళ్లేసరికి కన్నతల్లి పోయి చాలా ఏళ్లయింది. అక్క ఉంది. పొగాకు గ్రేడింగ్‌కి కూలికి వెళ్తుంది, మమ్మల్ని కన్నతల్లి చేసిన పని కూడా అదేనట. అక్కకి అప్పుడు ఏడేళ్లు, బాగా గుర్తు. "అమ్మకి పాలు పడలా. డబ్బా పాలు కొనేదానికి నాయన చేతిలో రూపాయి నిలవనిస్తేనా. మందు మానితే బతుకుతామని రోజూ ఏడిసేది" అంది. ఇంకేమైనా కారణం ఉందేమోనని మళ్లీ మళ్లీ అడిగాను. లేదు. ఆరు నెలల డబ్బా పాలకు దారి దొరక్క ఒక కుటుంబం బిడ్డను వదులుకుంది.

మాది దూబగుంట ఉన్న జిల్లా. కలిగిరి మండలంలోని ఆ ఊరి ఆడవాళ్లు వర్ధినేని రోశమ్మ ముందు నడవగా సారా దుకాణాల మీదికి వెళ్లారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. నన్ను ఇచ్చేసిన కొన్ని నెలలకే అన్నమాట. తాగుడు వల్ల కాపురాలు ఎలా కూలతాయో, పసిబిడ్డల నోటిదగ్గరి పాలు ఎటు పోతాయో ఈ జిల్లాలో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. అయినా అప్పుడు నా తల్లి ముందు పెట్టినవి ఒక కాగితం, ఒక ఇంకు ప్యాడ్.

అది ముప్పై ఏళ్ల కిందటి మాట, ఇప్పుడు చట్టాలు మారాయి అంటారేమో. నిజానికి మాట అప్పుడూ ఉంది. 1984లోనే, విదేశీ దత్తతల మీద నడిచిన లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు, బిడ్డ కన్నవాళ్ల దగ్గరే పెరిగేలా ముందు ప్రయత్నం జరగాలని చెప్పింది. 1999లో, మళ్లీ 2001లో, తండాల నుంచి ఆడపిల్లలను కొని విదేశాలకు దత్తత పంపిన బాగోతం ఉమ్మడి రాష్ట్రంలో బయటపడింది. ఇప్పుడున్న 2015 బాల న్యాయ చట్టం, పిల్లల పెంపకం మొదటి బాధ్యత కుటుంబానిదేనని, సంస్థలో ఉంచడం అన్ని దారులూ మూసుకుపోయాక చేయాల్సిన పని అని స్పష్టంగా రాసుకుంది. 35వ సెక్షన్ ప్రకారం తమ చేతిలో లేని శారీరక, మానసిక, సామాజిక కారణాలుంటేనే బిడ్డను అప్పగించాలి. అప్పగించాక కూడా మనసు మార్చుకోవడానికి రెండు నెలలు గడువుంది.

ఆ రెండు నెలల గురించే నా బాధంతా. ఆ అరవై రోజుల్లో ఏం జరుగుతుంది? బిడ్డ ప్రభుత్వ శిశుగృహలో, అంటే పసిపిల్లల సంరక్షణ కేంద్రంలో ఉంటుంది. తల్లి ఇంటికెళ్తుంది. ఏ కష్టం తరిమితే వచ్చిందో ఆ కష్టంలోకే తిరిగి వెళ్తుంది. అదే అప్పు, అదే తాగుబోతు భర్త. ఆమె ఒళ్లు ఇంకా పచ్చిగా ఉంటుంది. ఉదయగిరి అవతలి పల్లె నుంచి జిల్లా కేంద్రానికి రావాలంటే తెల్లారగట్ల బస్సెక్కాలి, ఒకరోజు కూలి పోగొట్టుకోవాలి. మనసు మార్చుకోమని గడువిచ్చి, పరిస్థితి మారడానికి ఏమీ చేయకపోతే ఆ తల్లి దేన్ని చూసి ధైర్యం చేస్తుంది?

సాయం లేక కాదు. పిల్లల రక్షణ కోసం ఉన్న మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ ఉంది, అంటే బిడ్డ ఇంట్లోనే పెరగడానికి ఇచ్చే సాయం, బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. భర్త పోయిన తల్లి, భర్త వదిలేసిన తల్లి, ప్రాణాంతక జబ్బుతో ఉన్న తల్లిదండ్రులు, ప్రమాదంలో పనిచేసే శక్తి కోల్పోయినవాళ్లు, వీళ్ల పిల్లలంతా అర్హులే. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. పథకం మంచిది. కానీ బిడ్డను తీసుకునే బల్ల ఒకటి, ఈ డబ్బు మంజూరు చేసే బల్ల ఇంకొకటి. మొదటి దానిలో పని ఒక్క పూటలో అయిపోతుంది. రెండోది కాగితాలు అడుగుతుంది, కమిటీ సమావేశం కోసం ఆగమంటుంది, నిధులు రావాలంటుంది. ఈలోగా అరవై రోజులు అయిపోతాయి.

నేను టైలరింగ్ షాపు నడుపుతాను. మిషన్ నేర్చుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెప్తాను, ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఇరవై ఒక్కేళ్లుంటాయి. మెట్ట ప్రాంతం నుంచి మొగుడూ పెళ్లాలు బిల్డింగ్ పనికి బెంగళూరు వెళ్లారు. అక్కడ అతను వదిలేసి పోయాడు. ఐదు నెలల బిడ్డతో పుట్టింటికొస్తే అన్న ఏమీ అనలేదు కానీ వదిన రెండు పూటలకే ముఖం తిప్పేసింది. వితంతు పింఛను రాదు, మొగుడు బతికే ఉన్నాడు. ఒంటరి మహిళ పింఛనుకు వయసు చాలదు. తల్లికి వందనం బిడ్డ బడికెళ్లాక మాట. రేషన్ కార్డులో పేరు అత్తింట్లో ఉంది, దాన్ని విడగొడితేగానీ ఆదాయం సర్టిఫికెట్ కదలదు, సర్టిఫికెట్ లేకుండా స్పాన్సర్‌షిప్ అప్లికేషన్ ముందుకెళ్లదు. ఎవరో "శిశుగృహలో పెట్టు, బంగారంలా చూసుకుంటారు, నీకూ వయసుంది" అన్నారు. ఆమె బిడ్డకు స్నానం చేయించి, ఉన్న వాటిలో మంచి గౌను వేసి బయల్దేరింది కూడా.

ఆపింది ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్. "ఒక్క నెల ఆగు తల్లీ, నేను చూస్తా" అంది. తన చుట్టాలావిడ ఇంట్లో వెనక గది ఇప్పించింది, అద్దె మొదటి మూడు నెలలు తనే కట్టింది, సచివాలయం చుట్టూ తిరిగి కార్డు విడగొట్టించింది, మా షాపుకి తీసుకొచ్చింది. ఇప్పుడు ఆ అమ్మాయి కాజాలు కుట్టుకుంటూ ఒక చేత్తో చీర ఉయ్యాల ఊపుతుంటుంది. వాడికి పళ్లొస్తున్నాయి, దొరికిన బాబిన్నల్లా నోట్లో పెట్టుకుంటాడు. మొత్తం మీద ఆ కుటుంబం నిలబడటానికి ఖర్చయింది కొద్ది నెలల అద్దె, కొన్ని పాలడబ్బాలు, ఒక మనిషి ఓపిక. తక్కువ జీతంతో బతికే అంగన్‌వాడీ టీచర్ సొంత డబ్బు పెట్టబట్టి నిలబడింది. పక్క ఊళ్లో అలాంటి మనిషి లేకపోతే?

సముద్రం వైపు, విడవలూరు, అల్లూరు దిక్కున రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే యానాది కుటుంబాల పరిస్థితి ఇంకా కష్టం. గుంట గట్టు మీదే కాపురం, అప్పు కింద చాకిరీ, చాలామందికి ఆధార్ కూడా ఉండదు. అక్కడి పిల్లలను పని నుంచి విడిపించడం మంచిపనే, అందులో రెండో మాట లేదు. కానీ పిల్లలను హోంకి తీసుకెళ్లి అమ్మానాన్నలను గట్టు మీదే వదిలేస్తే సగం పనే అవుతుంది. ఏ ఆఫీసుకెళ్లి ఎవరిని అడగాలో కూడా తెలియనివాళ్లు వాళ్లు. బిడ్డతోపాటు కుటుంబానికీ విడుదల కావాలి, కార్డులు కావాలి, ఉండటానికి చోటు కావాలి.

ప్రతి బిడ్డా ఎలాగైనా కన్నవాళ్ల దగ్గరే ఉండాలని నేననడం లేదు. బిడ్డకు ప్రమాదం ఉన్న ఇళ్లున్నాయి. అత్యాచారానికి గురైన ఆడపిల్ల, మోసపోయిన ఆడపిల్ల, పెంచాలనే లేని తల్లి, వీళ్లను ఎవరూ బలవంతపెట్టకూడదు, నిలదీయకూడదు, మర్యాదగా వాళ్ల మాట విని బిడ్డను తీసుకోవాలి. నేనడిగేది, ఉంచుకోవాలని ఉండీ దారి లేక ఇచ్చేస్తున్న తల్లి సంగతి. ఆమెనూ వీళ్లనూ ఒకే కాగితంతో పంపించేస్తున్నారు.

2024-25లో దేశం మొత్తం మీద 4,515 దత్తతలు జరిగాయి, పన్నెండేళ్లలో ఇదే ఎక్కువని గర్వంగా ప్రకటించారు. పిల్లల కోసం ఎదురుచూస్తున్న దంపతులు వేలల్లో ఉన్నారు, వాళ్ల ఆరాటం నాకు తెలుసు, మా అమ్మానాన్నలూ ఒకప్పుడు అదే వరుసలో నిలబడ్డారు. అయితే సాయం అందడం వల్ల ఇల్లు దాటకుండా ఆగిన పిల్లలు ఎందరో లెక్క చెప్పమనండి. అది ఎవరి దగ్గరా ఉండదు. లెక్క లేని పనికి ఏ అధికారీ పరుగెత్తడు. జిల్లా బాలల పరిరక్షణ యూనిట్ల పనితీరు చూసేటప్పుడు ఆ సంఖ్యను కూడా అడగండి.

అప్పగిస్తామని వచ్చిన రోజునే స్పాన్సర్‌షిప్ తాత్కాలికంగా మంజూరు చేసే అధికారం జిల్లా స్థాయిలో ఇవ్వండి, సర్టిఫికెట్లు తర్వాత తీసుకోవచ్చు. ఒకటో తారీఖున పింఛను డబ్బు ఇంటికి తీసుకెళ్లగలిగిన సచివాలయ సిబ్బంది, ఒక బాలింత ఇంటికి వారంలోపు వెళ్లలేరా? తలదాచుకోను చోటు లేదంటే బిడ్డను శిశుగృహకు, తల్లిని బస్టాండుకు పంపకుండా ఇద్దరినీ కలిపి, కష్టంలో ఉన్న ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే సఖి కేంద్రానికో, శక్తి సదన్‌కో పంపే ఏర్పాటు చేయండి. తోడబుట్టినవాళ్లుంటే విడదీయకండి. నాకు ఇద్దరు అక్కలు ఉండేవాళ్లని ముప్పై ఏళ్లు దాటే దాకా తెలియలేదు. అందులో చిన్నక్క అప్పటికే లేదు.

పెద్దయిన మా గురించి ఒక మాట. 2022 దత్తత నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు తమ మూలాల కోసం సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు, కన్నవాళ్ల గోప్యతకు భంగం కలగకుండా. మంచిదే. కానీ మూతపడిన సంస్థల పాత ఫైళ్లు చెదలు పట్టిపోతే ఆ హక్కుతో ఏం చేసుకుంటాం? వాటిని తెప్పించి స్కాన్ చేయించండి. ఆ కాగితం చేతికిచ్చే రోజు పక్కన ఒక కౌన్సెలర్‌ని కూర్చోబెట్టండి. కౌంటర్ మీద తోసేసిన కాగితాన్ని బస్టాండులో నిలబడి చదువుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. జిల్లా కమిటీలు దత్తతల గురించి చర్చించేటప్పుడు దత్తత వెళ్లి పెరిగినవాళ్లను కూడా ఒకరిద్దరిని పిలవండి. మేం చెప్పేవి ఫైళ్లలో దొరకవు.

ఈ లేఖ ప్రతిని వచ్చే సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇస్తున్నాను. నేనడిగిన పేజీ ఎలా ఉండాలో ఒక నమూనా రాసి జతచేశాను. మా అంగన్‌వాడీ టీచర్, నేను కూర్చుని తయారుచేశాం. అందులో మార్పులు అవసరమైతే మీ అధికారులను చేయమనండి, పిలిస్తే మేమిద్దరం వస్తాం.

ఇట్లు,
ఒక దత్తపుత్రిక,
కావలి, నెల్లూరు జిల్లా