డీజిల్ పేరిట సర్‌ఛార్జీ, ఆపైన ట్రిప్పు రద్దు: నెల పాసుదారు ఫిర్యాదు

బెంగళూరు

ప్రయాణికుల సేవల విభాగాధికారి గారికి,

విషయం: మారతహళ్లి – ఎలక్ట్రానిక్ సిటీ షటిల్‌లో ఇంధన సర్‌ఛార్జీ, ఉదయం 7.40 ట్రిప్పు రద్దు గురించి.

అయ్యా,

మూడేళ్లుగా నేను మీ షటిల్ బస్సును మారతహళ్లి వంతెన దగ్గర ఎక్కి ఉద్యోగానికి వెళ్తున్నాను. మీ యాప్‌లో తెలుగులో ఫిర్యాదు చేసే వీలుంది కనుక, చెప్పదలచుకున్నది పొల్లుపోకుండా తెలుగులోనే రాస్తున్నాను.

2025 ఏప్రిల్ 1 నుంచి కర్ణాటక ప్రభుత్వం డీజిల్‌పై అమ్మకపు పన్నును 21.17 శాతానికి పెంచడంతో లీటరు ధర సుమారు 2 రూపాయలు పెరిగింది. ఆ కారణం చూపి మీరు మే నెల నుంచి ఒక్కో పాసుపై 250 రూపాయల సర్‌ఛార్జీ వసూలు చేస్తున్నారు. ధర పెరిగినప్పుడు కొంత భారం ప్రయాణికులు మోయడం న్యాయమేనని తలచి అప్పట్లో నేను అభ్యంతరం చెప్పలేదు. తరవాత కూర్చుని లెక్క వేశాను. దూరం దాదాపు 20 కిలోమీటర్లు. బస్సు లీటరుకు నాలుగు కిలోమీటర్లే ఇస్తుందనుకున్నా రానూపోనూ పది లీటర్లు, అంటే రోజుకు 20 రూపాయల అదనపు ఖర్చు. నెలకు 22 పనిదినాలకు 440 రూపాయలు. ఖాళీగా తిరిగే దూరం కూడా కలిపి రెట్టింపు చేసినా 880 దాటదు. నలభై సీట్ల బస్సులో మీకు వస్తున్న సర్‌ఛార్జీ మాత్రం 10,000 రూపాయలు. నా లెక్కలో పొరపాటుంటే చూపించండి, సరిదిద్దుకుంటాను.

ఇంత వసూలు చేస్తూనే, పోయిన నెల ముందు రోజు రాత్రి పదింటికి ఒక్క మెసేజ్ పంపి 7.40 బస్సును ఎత్తేశారు. ఇప్పుడు రెండు బస్సుల జనం 8.10 బస్సులోనే ఎక్కుతున్నారు. గత సోమవారం ఏడో నెల గర్భిణి ఒకామె టిఫిన్ సంచీని మోచేతికి తగిలించుకుని, కమ్మీ పట్టుకుని సిల్క్ బోర్డు దాకా నిలబడే వచ్చింది. బండి ట్రాఫిక్‌లో ఆగిన ప్రతిసారీ డ్రైవరు ఏసీ కట్టేశాడు. అడిగితే, డీజిల్ ఎక్కువ కాలితే తన జీతంలో కోస్తారని తలవంచుకుని చెప్పాడు. ఆ మాట నిజమైతే అది సర్‌ఛార్జీ కంటే పెద్ద తప్పు.

మీ ప్రతినిధి ఫోన్‌లో "ఇష్టం లేకపోతే మెట్రోలో వెళ్లండి" అన్నారు. 2025 ఆగస్టులో మొదలైన ఎల్లో లైన్ ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా వెళ్తున్న మాట నిజమే, కానీ అది ఎక్కడానికి నేను ముందు అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో సిల్క్ బోర్డు చేరాలి. ఆ ఏడాది జనవరిలో సిటీ బస్సు చార్జీలు 15 శాతం పెరిగాయి, ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ చార్జీ 60 నుంచి 90 రూపాయలకు చేరింది, ఆగస్టులో ఆటో కనీస చార్జీ 36 అయింది. ఎటు తిరిగినా ఖర్చే అయిన ఊళ్లో, డబ్బు ముందే కట్టిన వారితో అనవలసిన మాట కాదది.

కాబట్టి 7.40 ట్రిప్పును వెంటనే పునరుద్ధరించాలి. సర్‌ఛార్జీ లెక్కను రాతపూర్వకంగా ఇచ్చి, ఎక్కువ తీసుకున్న సొమ్మును పాసుదారులందరికీ తిరిగి జమచేయాలి. ఇకపై ఏ ట్రిప్పు తీసేసినా కనీసం పదిహేను రోజుల ముందు తెలపాలి. పదిహేను రోజుల్లో సమాధానం రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపంగా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. రశీదులు, మీ మెసేజ్ నకలు జతపరిచాను.

ఇట్లు,
మారతహళ్లి నెల పాసుదారు