‘వింటేజ్’ అన్న బోర్డు చాలదు, కట్టిన ఏడాది రాయించండి

పర్యాటక శాఖ మంత్రి గారికి,

నగరానికి వెళ్లేవాళ్లు పాతకాలపు హోటలో, రెస్టారెంటో కావాలని వెతికితే అసలువీ, నిన్నగాక మొన్న కట్టినవీ కలగలిసి కనిపిస్తున్నాయి. పసుపు వెలుగు ఫిలమెంట్ బల్బులు, గోడకు అతికించిన ఇటుక పలకలు, మోగని గ్రామఫోను ఉంటే చాలు, ‘వింటేజ్’ అని రాసుకోవచ్చు. మీ శాఖ రిజిస్ట్రేషన్ ఫారంలో నాలుగు గడులు చేర్చి అందరికీ కనబడేలా పెట్టండి: భవనం కట్టిన ఏడాది, వ్యాపారం అక్కడ మొదలైన ఏడాది, చివరి పెద్ద మరమ్మతు ఎప్పుడు, మార్చకుండా మిగిలినవి ఏవి.

మొదటి రెండూ విడివిడిగానే ఉండాలి. నూరేళ్ల భవనంలో కొత్త కేఫ్ ఉండొచ్చు. కొత్త భవనంలోకి మారిన హోటల్ పాత ఏడాదినే బోర్డు మీద రాసుకోవచ్చు.

నాలుగో గడి గదులవారీగా నింపించండి. ఫొటోలో పాత మెట్లు, తీరా ఇచ్చేది వెనక కొత్త బ్లాకులో గది! అందుకే తెలిసినవాళ్లు ముందే ఫోన్ చేసి ఏ బ్లాకు, ఏ అంతస్తు, కిటికీ ఎటువైపు అని అడిగి, జవాబును మెయిల్‌లో రాయించుకుంటారు.

తనిఖీకి వెళ్లేవాళ్లను ముందు గచ్చు చూడమనండి. జనం నడిచి అరిగిన గచ్చు గుమ్మం దగ్గర, కౌంటర్ ముందు పల్లమవుతుంది, మూలల్లో కాదు. కావాలని పాతబరిచింది అంతటా ఒకేలా ఉంటుంది. 1920 నాటిదన్న బీరువాకు ప్లస్ గాడి స్క్రూలుంటే ఆ భాగమైనా తర్వాత చేరిందే. అవి మార్కెట్లోకి వచ్చింది 1930లలో.

అసలువి పోవడానికి పెద్ద కారణం ఏసీ, ఆ తర్వాత ట్రాఫిక్ రొద. గొట్టాలు దాచడానికి ఫాల్స్ సీలింగ్ వేస్తే పాత కప్పు, వెంటిలేటర్లు కనుమరుగు. రొద అని చెక్క కిటికీ పీకేసి అల్యూమినియంది పెడతారు. పాతది ఉంచి, లోపలివైపు 100 మి.మీ. ఎడంతో రెండో అద్దం బిగిస్తే శబ్దం బాగా తగ్గుతుంది. ఇలాంటి పనికి రాయితీ ఇవ్వండి. వైరింగ్, అగ్నిమాపక ఏర్పాట్లలో మాత్రం పాతదనాన్ని సాకుగా ఒప్పుకోకండి.

శాన్‌ఫ్రాన్సిస్కో 2015 నుంచి సాధారణంగా 30 ఏళ్లు దాటిన వ్యాపారాలకు రిజిస్ట్రీ నడుపుతోంది. తమ గుర్తింపుకు మూలమైన రూపాన్నో, సంప్రదాయాన్నో నిలుపుతామని వాళ్లు ఒప్పుకోవాలి. మనమూ ఆ షరతు పెట్టి, తప్పుడు ఏడాది రాసినవాళ్లను జాబితా నుంచి తీసేయాలి. ముందుగా ఒక్క నగరంలో, పాత పేటలోని హోటళ్లతో మొదలుపెట్టండి.

ఇట్లు,
పాత కట్టడాల మరమ్మతు పనివాళ్లం, పర్యాటక గైడ్‌లం